ముప్పై రెండు రెళ్లు, పైన ఒకటి

ముప్పై రెండు రెళ్లను వరసగా హెచ్చించి, వచ్చిన దానికి ఒకటి కలిపితే 4,29,49,67,297 వస్తుంది. అంటే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు. ఇది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అంతటివాడు నమ్మాడు. తొంభై రెండేళ్ల పాటు అది తప్పని ఎవరూ చూపలేకపోయారు.

ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఒక రెండు, రెండు రెళ్లు, నాలుగు, ఎనిమిది, పదహారు... ఇలా రెళ్ల సంఖ్యను రెట్టిస్తూ, ప్రతి లబ్ధానికీ ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65,537 వస్తాయి. అయిదూ ప్రధానాలే. తూలూజ్‌లో న్యాయాధికారిగా ఉంటూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకునే ఫెర్మా, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధానాలేనని తనకు తోస్తున్నట్టు 1640లో ఉత్తరం రాశాడు. నిరూపణ లేదనీ ఒప్పుకున్నాడు. వరసలో ఆరోదే మన సంఖ్య.

ప్రధానమో కాదో మామూలు దారిలో తేలాలంటే వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఇక్కడ అవి 6,542. కాగితం మీద ఎంత చాకిరీ! 1732లో, పాతికేళ్ల వయసులో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న గణితవేత్త ఆయిలర్ ఒక కారణాంకాన్ని బయటపెట్టాడు: 641. దాన్ని 67,00,417తో హెచ్చించి చూడండి, సరిగ్గా మన సంఖ్యే వస్తుంది.

దారి ఏమిటో ఆయిలర్ తర్వాత వివరించాడు. ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారంలోనే గుట్టు తెలిసిపోతుంది. నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఈ షరతును రాబట్టే సూత్రం ఫెర్మాదే, అదీ అదే 1640లో రాసిందే. తాళంచెవి బొడ్లో దోపుకుని తలుపు ముందు నిలబడ్డట్టయింది.

హెచ్చవేత అక్కర్లేకుండా 641 సంగతి తేల్చే ముచ్చటైన పద్ధతి ఒకటి తర్వాతివాళ్లు కనిపెట్టారు. 641తో భాగించినప్పుడు మిగిలే శేషాలనే చూద్దాం. 5ను ఏడు రెళ్లతో హెచ్చిస్తే 640. అది 641కి ఒకటి తక్కువ కాబట్టి శేషం −1 అనుకోవచ్చు. నాలుగు 640లను హెచ్చిస్తే శేషం 1. ఆ లబ్ధంలో ఉన్నవి నాలుగు ఐదులు, ఇరవై ఎనిమిది రెళ్లు. నాలుగు ఐదుల లబ్ధం 625. దానికి 16 కలిపితే 641 కనుక, 625 బదులు −16 పెట్టొచ్చు. 16 అంటే మరో నాలుగు రెళ్లు. ముప్పై రెండు రెళ్లూ చేరాయి, ముందు ఋణగుర్తుతో, శేషం 1. అంటే గుర్తు తీసేస్తే శేషం −1. ఒకటి కలపండి: సున్నా.

దీని పొరుగు సంఖ్యలూ గొప్పవే. ఒకటి తగ్గిస్తే వచ్చేది ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 పద్ధతిలో ఉండగల మొత్తం చిరునామాల లెక్క. ఇంకొకటి తగ్గించండి. ఆ 4,29,49,67,295 అంటే నాకు మరీ ఇష్టం. ఫెర్మా అయిదు ప్రధానాల లబ్ధం అది. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని గణితవేత్త గాస్ 1796లో కనుగొన్నాడు. దాన్ని వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధాలకూ విస్తరించిన సిద్ధాంతం ప్రకారం ఇన్ని భుజాలదీ గీయొచ్చు. బేసి సంఖ్యలో భుజాలున్న వాటిలో, అలా గీయడానికి వీలని మనకు తెలిసిన అతి పెద్దది ఇదే.

65,537 తర్వాత ఫెర్మా వరసలో ప్రధానం ఒక్కటీ దొరకలేదు. 10,48,576 రెళ్లను హెచ్చించి ఒకటి కలిపితే 3,15,653 అంకెల సంఖ్య వస్తుంది. అది ప్రధానం కాదని కంప్యూటర్లతో తేల్చారు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య మాత్రం ఇంకా ఒక్కటీ చిక్కలేదు.