నవ్వించే తప్పులు – నష్టపరచే తప్పులు

మాతృభాషలో తప్పు వ్రాసిన వానిని చూచి మనము ఊరకుంటాము. ఆంగ్లంలో తప్పు వ్రాసిన వానిని చూచి నవ్వుతాము. ఈ పక్షపాతాన్ని కొంచెం ప్రక్కన పెట్టి, ఆ తప్పులు ఎందుకు జరుగుతున్నవో, వానిలో ఏవి కేవలం వినోదం కలిగించేవో, ఏవి తప్పులే కావో, ఏవి మనిషి బ్రతుకుదారికి అడ్డుపడగలవో విచారించడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

మొదట నవ్వించేవానిని చూద్దాం. ఒకప్పటి పల్లెగా ఉండి, 2019లో నగరపాలక సంస్థ స్థాయికి ఎదిగిన బడంగ్‌పేట్ వంటి చోట్ల దుకాణాలతో పాటు ఆంగ్ల నామఫలకాలు కూడా పెరుగుతాయి. హైదరాబాదు పరిసరాలలో ఏ రహదారి వెంట నడచినా ఇటువంటి ఫలకాలు కొన్నయినా కంటబడక మానవు. ‘పంక్చర్’ అనే మాటను మనం ‘పంచర్’ అని పలుకుతాము. పలికినట్లే ఆంగ్లాక్షరాలలో వ్రాస్తే దాని అర్థం ‘పిడిగుద్దు గుద్దేవాడు’ అని! ‘స్నాక్స్’ అనే మాటలో ‘సి’ జారిపోయి, చివరి ‘ఎస్’కు ముందు ఒక ‘ఇ’ చేరితే చిరుతిండ్ల అంగడి కాస్తా పాముల అంగడి అవుతుంది. ఇల్లు అద్దెకు కలదు అని తెలిపే ‘టు లెట్’ అనే అట్టముక్కపై రెండు మాటల నడుమ ఏ కొంటె కుర్రవాడో ఒక్క ‘ఐ’ చేర్చితే ఆ గృహానికి పట్టే గతి పాఠకులే ఊహించుకొనవచ్చు. పాఠాలు చెప్పే ‘ట్యూషన్’ కేంద్రాల ఫలకాలలోనే ఆ మాటలోని మొదటి ‘ఐ’ తరచు మాయమవుతూ ఉంటుంది.

పుస్తకాలు, కాగితాలు అమ్మే ‘స్టేషనరీ’ సంగతి మరింత విచిత్రం. చివరి ‘ఆర్’ అక్షరానికి ముందు ‘ఇ’ ఉంటే అది వ్రాతసామగ్రి. ‘ఎ’ ఉంటే ‘కదలక నిలిచియున్నది’ అని అర్థం. అయితే ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. మధ్యయుగంలో ఐరోపా విశ్వవిద్యాలయాల వద్ద, ఊరూరా తిరిగి అమ్మేవారికి భిన్నంగా, ఒకచోట స్థిరంగా అంగడి పెట్టుకొన్న పుస్తక విక్రేతను ‘స్టేషనర్’ అనేవారు. కనుక మన అంగడివాడు ‘కదలని దుకాణం’ అని వ్రాసినా చరిత్ర అతనిని కొంతవరకు క్షమిస్తుంది!

ఇక ఈ తప్పులకు కారణమేమి? మన చెవులు, మన లిపులు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేనిదే మన నాలుకకు తృప్తి ఉండదు. అందుకే బస్, రోడ్, కార్ అనేవి బస్సు, రోడ్డు, కారు అయినవి. ఉర్దూ మాట్లాడే నాలుకకు మాట మొదట రెండు హల్లులు కలిసి రావడం ఇబ్బంది. కనుక ‘స్కూల్’ అక్కడ ‘ఇస్కూల్’ అయినది. ఆంగ్లంలోని ‘వి’, ‘డబుల్యు’ అక్షరాలకు తెలుగులో ‘వ’ ఒక్కటే దిక్కు, ఉర్దూలో ‘వావ్’ ఒక్కటే దిక్కు. అందుచేత పడమరకు, లోపలి బనియనుకు ఆంగ్లంలో ఉన్న రెండు వేరు మాటలు మన ఉభయుల చెవులకూ ఒక్క ‘వెస్ట్’గానే వినబడుతున్నవి.

తప్పంతా మనదే అనుకొనుట కూడ న్యాయం కాదు. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో ముద్రణాలయం స్థాపించిన తరువాత ఆంగ్లపు వ్రాత క్రమంగా స్థిరపడింది. పలుకు మాత్రం మారుతూ పోయింది. ‘నైఫ్’ మొదట మౌనంగా కూర్చున్న ‘కె’ ఒకనాడు పలికినదే. ‘డెట్’ అనగా అప్పు. అందులోని ‘బి’ని లాటిన్ మూలాన్ని గుర్తు చేయడానికి పండితులు పనిగట్టుకొని చేర్చినారు. ద్వీపానికి పేరైన ‘ఐలండ్’లోని ‘ఎస్’ మరీ అన్యాయం. ఆ మాటకు సంబంధంలేని మరొక మాటతో చుట్టరికం కలిపి దానిని దూర్చినారు. పామరుడు చేస్తే తప్పు, పండితుడు చేస్తే అక్షరక్రమం!

ఇక్కడ ఉర్దూ చదివే సోదరులకు ఒక సౌలభ్యం ఉన్నది. తెలుగు చాలవరకు పలికినట్లు వ్రాసే భాష. ఉర్దూలోనో, ‘స’ ధ్వనికి సే, సీన్, స్వాద్ అని మూడు అక్షరాలు. ‘జాల్’ మొదలుకొని ‘జోయ్’ వరకు ఒకే ధ్వనికి నాలుగు అక్షరాలు. ఏ మాటలో ఏది వ్రాయవలెనో ఆ మాట పుట్టుకను బట్టి తెలియవలసినదే. ఆంగ్లపు అక్షరక్రమం కూడ ఇట్టిదే. అది ధ్వనిని కాక చరిత్రను దాచుకొన్న వ్రాత. ఈ రహస్యం తెలిసిన విద్యార్థి విసుగుకొనడు. ఒక్కొక్క మాటను ఒక్కొక్క వ్యక్తివలె పరిచయం చేసికొంటాడు.

రెండవ తరగతివి తప్పులవలె కనబడుతూ నిజానికి తప్పులు కానివి. పరీక్షను ముందుకు జరిపితే మనం ‘ప్రీపోన్’ అంటాము. ఒకప్పుడు పరిహాసానికి గురియైన ఆ మాట నేడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు సంపాదించుకొన్నది. చిన్నాన్న కొడుకు మనకు తమ్ముడు, మేనమామ కొడుకు బావ. ఆంగ్లం అందరినీ ‘కజిన్’ అనే ఒక్క గాటను కట్టివేస్తే, మనసొప్పక మనం ‘కజిన్ బ్రదర్’ అన్నాము. ఉర్దూలోని ‘ఇస్మె షరీఫ్’ అనే మర్యాదయే ‘యువర్ గుడ్ నేమ్’ అయి ఆంగ్లంలోకి నడచివచ్చింది. ఇవి మన సంస్కృతి ఆ భాషకు తొడిగిన ఆభరణాలు. అయితే పరదేశంలో వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. మనకు ‘డౌట్’ అంటే అడుగవలసిన ప్రశ్న. ఆంగ్లేయునికి అది అపనమ్మకం. ‘మీ ఉపన్యాసంపై నాకు డౌటు ఉన్నది’ అంటే అక్కడి ఆచార్యుడు నొచ్చుకొనవచ్చును.

మాటలు చేతులు మారినపుడు రూపు మారడం వారికీ తప్పలేదు. మన పందికొక్కు ఆంగ్లంలో ‘బాండికూట్’ అయినది. చివరకు ఆస్ట్రేలియాలో వేరొక జంతువుకు పేరై కూర్చున్నది. నిజాం కొలువులో ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని మొస్యూ రేమండ్‌ను మన ప్రజలు కొందరు ‘మూసా రహీం’ అన్నారు, కొందరు ‘మూసా రాం’ అన్నారు. మూసారాంబాగ్ పేరులో ఆయన నేటికీ నిలిచియున్నాడు.

రేమండ్ దొర పేరు ఎంత మారినా ఆయనను ఎవరూ గుర్తింపు పత్రం అడుగలేదు. నేటి విద్యార్థి స్థితి అట్టిది కాదు. మూడవ తరగతి తప్పులు ఇక్కడే మొదలవుతున్నవి. ‘ముహమ్మద్’ అనే పవిత్ర నామానికి ఉర్దూలో మీమ్, హే, మీమ్, దాల్ అని ఒక్కటే వ్రాత. ఆంగ్లంలో మొదటి అచ్చు ‘యు’ కావచ్చు, ‘ఓ’ కావచ్చు; చివరి అచ్చు ‘ఎ’ కావచ్చు, ‘ఇ’ కావచ్చు. క్లుప్తంగా ‘ఎం.డి.’ అని వ్రాస్తే తెలియనివారు వైద్యపట్టం అనుకొంటారు! లక్ష్మి అనే పేరును ఒక పత్రంలో ‘ఎక్స్’తోను, మరొక పత్రంలో ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతోను వ్రాస్తే చూచేవారికి ఆమె ఇద్దరు మనుషులు. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. దరఖాస్తులోని గడులు దానిని మరొకచోట కోరుతాయి.

2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయం మన ముంగిటనే ఉన్నది. ఉన్నత విద్యకో, గల్ఫ్ దేశాలలో ఉద్యోగానికో అక్కడనుండి బయలుదేరేవారు ఎందరో. ఆ ద్వారం వద్ద టికెట్టులోని పేరును, గుర్తింపు పత్రంలోని పేరును సరిచూస్తారు. పాఠశాలలో తొందరపాటున పడిన ఒక్క అక్షరం ఆనాడు అఫిడవిట్ల రూపంలో, కార్యాలయాల చుట్టూ తిరుగుడు రూపంలో వడ్డీతో సహా తిరిగివస్తుంది. నామఫలకంలోని తప్పును ఒక కుంచెతో దిద్దవచ్చును. ధ్రువపత్రంలోని తప్పును దిద్దడానికి నెలలు పట్టవచ్చును.

కనుక విద్యార్థి మిత్రులారా! మీ పేరుకు, తల్లిదండ్రుల పేర్లకు ఒక్కటే ఆంగ్ల అక్షరక్రమం నిర్ణయించుకొని, పదవ తరగతి ధ్రువపత్రం మొదలుకొని అన్ని పత్రాలలో అదే ఉన్నదో లేదో నేడే సరిచూచుకొనండి. సంతకం చేయకముందే చదవండి. కళాశాల కార్యవర్గం వారికి కూడ ఒక విన్నపం: ప్రవేశ సమయంలో నమోదు చేసిన పేరును విద్యార్థికి చూపి, అతడు సరియని ఒప్పుకొన్న తరువాతనే రికార్డులకు ఎక్కించే పద్ధతి పెట్టినచో ఎందరికో మేలు చేసినవారవుతారు.

వీధి ఫలకాలను చూచి నవ్వుకొందాం, తప్పు లేదు. కాని ఆ నవ్వులో సగమైనా శ్రద్ధను మన పేరు వ్రాసిన కాగితంపై ఉంచుదాం.