మోటివేషన్ ఎక్కడి నుంచి వస్తుంది?

పేరెంట్స్ మీటింగ్‌లో మేం తరచూ వినే మాట ఒకటుంది. "మా బాబు తెలివైనవాడే మేడమ్, మోటివేషనే లేదు. మీరే కాస్త ఎక్కించండి." అదేదో టానిక్కు అయితే మేమూ సంతోషంగా ఎక్కించేవాళ్లం! మనిషిని లోపలి నుంచి నడిపించేది ఏమిటని జీవితమంతా వెదికిన అబ్రహాం మాస్లో గురించి ఈ నెల మీకు చెప్పాలనిపించింది. బీఎడ్ చదివిన మా టీచర్లందరికీ బాగా తెలిసిన పేరే ఇది.

మాస్లో 1908 ఏప్రిల్ 1న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు దంపతుల ఏడుగురు పిల్లల్లో పెద్దవారు. తల్లిదండ్రులకు పెద్దగా చదువు లేదు, కొడుకు చదువు మీదే ఆశలు పెట్టుకున్నారు. మనకు బాగా తెలిసిన కథే. ఒంటరిగా, లైబ్రరీ పుస్తకాల మధ్య ఆయన బాల్యం గడిచింది. తల్లితో చివరిదాకా పొసగలేదు. లాయర్ కావాలన్నది తండ్రి కోరిక. కొన్నాళ్లు ఆ క్లాసులకు వెళ్లి, ఇది నావల్ల కాదని ఇంట్లో చెప్పేశారు. మరేం చదువుతావని తండ్రి అడిగితే, అన్నీ చదువుతానన్నారట! చివరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కోతుల ప్రవర్తన మీద పరిశోధన చేసి 1934లో డాక్టరేట్ పొందారు.

బహుమతి, శిక్షలతో ఎవరినైనా ఎలాగైనా మలచవచ్చన్న నమ్మకం ఆ రోజుల్లో అమెరికాలో బలంగా ఉండేది. మాస్లో కూడా మొదట దాన్నే నమ్మారు. తన తొలి బిడ్డను ఎత్తుకున్నాక ఆ నమ్మకం నిలవలేదని తానే చెప్పుకున్నారు.

1943లో ఆయన రాసిన 'మానవ ప్రేరణ సిద్ధాంతం' వ్యాసం చెప్పేది ఇదీ: మనిషికి ముందు తిండి, నిద్ర కావాలి. తర్వాత భద్రత. ఆపైన ప్రేమ, నావాళ్లు అనుకునే మనుషులు. ఆ తర్వాత గౌరవం. ఇవన్నీ కొంతైనా తీరితే, తనలో ఉన్న శక్తి మేరకు ఎదగాలన్న తపన బలపడుతుంది. దీన్ని పిరమిడ్ బొమ్మగా మీరు చూసే ఉంటారు. ఆ బొమ్మ ఆయన గీసింది కాదు, తర్వాతివాళ్లు గీశారు. ఒక అంతస్తు పూర్తయితేనే పై అంతస్తు అన్న అపోహ దాంతోనే వచ్చింది. మామూలు మనిషికి తిండి, నిద్ర వంటివి 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, గౌరవం 40, చివరిది 10 శాతం తీరుతాయనుకోండి, అని ఉదాహరణకు కొన్ని అంకెలు వేసి చూపారాయన. లెక్కపెట్టి చెప్పినవి కావవి. వరుస కూడా అందరిలో ఒకేలా ఉండదని ఆ వ్యాసంలోనే ఉంది.

తల్లిదండ్రులుగా మనం ఆగి చదవాల్సింది భద్రత గురించిన భాగం. పిల్లలకు భద్రత అంటే తాళం వేసిన గేటు, సీసీ కెమెరా మాత్రమే అనుకుంటాం. రేపు ఏం జరుగుతుందో తెలియడం కూడా భద్రతే అన్నారు మాస్లో. ఇంట్లో గొడవలు, తిట్లు, దెబ్బలతో పాటు తల్లిదండ్రుల ప్రవర్తనలో నిలకడ లేకపోవడం, అన్యాయం కూడా పిల్లలను బెదరగొడతాయని రాశారు. లెక్కల్లో 50కి 31 వస్తే ఒక వారం "పర్లేదు నాన్నా" అంటాం. ఆఫీసులో చికాకుగా ఉన్న వారం అదే 31కి ఇల్లు అదిరిపోతుంది. ఏ నాన్న ఇంటికి వస్తాడో తెలియని పిల్లవాడికి అల్జీబ్రా మీద మనసు ఎలా నిలుస్తుంది?

గౌరవం సంగతీ అంతే. ప్రతి చిన్నదానికీ "సూపర్" అంటే గౌరవం రాదు. నిజంగా సాధించినదాని మీద నిలబడే ఆత్మగౌరవమే గట్టిదని మాస్లో అభిప్రాయం. చిక్కేమిటంటే మనం భద్రతను, ప్రేమను, గౌరవాన్ని మూడింటినీ ఒకే ప్రోగ్రెస్ కార్డుకు కట్టేస్తున్నాం. మార్కులు తగ్గితే మూడూ ఒకేసారి పోతాయన్న భయంతో కొందరు మార్కులు దాస్తారు, కొందరు అసలు ప్రయత్నమే మానేస్తారు. ర్యాంకులను ఫ్లెక్సీలకెక్కించే మా పాఠశాలలకూ ఇందులో వాటా ఉంది, కాదనం.

మాస్లో చెప్పినవన్నీ పరిశోధనలో నెగ్గలేదు. అవసరాల వరుసకు తగినన్ని ఆధారాలు లేవన్న విమర్శ ఉంది. పూర్తిగా ఎదిగిన మనుషులంటూ లింకన్, ఐన్‌స్టీన్ వంటివారిని ఆయనే ఎంచుకుని పరిశీలించడం మీద కూడా అభ్యంతరాలున్నాయి. 1970లో, 62వ ఏట గుండెపోటుతో మరణించేనాటికి ఆయన ఇంకా ఆ ఆలోచనలను సరిదిద్దుకుంటూనే ఉన్నారు.

హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆదివారం ఫోన్‌లో మీకు దొరికేది పది నిమిషాలు. వీకెండ్ టెస్ట్ మార్కులు అప్పటికే మీ మొబైల్‌కు చేరి ఉంటాయి. మొదటి ఐదు నిమిషాలు తిన్నావా, నిద్ర పడుతోందా, పక్క మంచం అబ్బాయితో మాటలు కలిశాయా అని అడిగి చూడండి. మార్కుల సంగతి తర్వాతి ఐదు నిమిషాల్లో, ప్రతి వారం ఒకే గొంతుతో.