స్త్రీలలో వంధ్యత్వము: కారణము నెఱుగు పరీక్షలు

సంతానము కలుగని యింట నింద ముందుగా స్త్రీపై పడుట మన సంఘమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. "గొడ్రాలు" అను ఒక్క మాటతో విచారణ ముగియును. వైద్యశాస్త్రము మాత్రము అచ్చటనే విచారణను ప్రారంభించును.

దంపతులు ఎట్టి నిరోధక సాధనమును వాడక 12 నెలలు కాపురము చేసినను గర్భము నిలువనిచో పరీక్షలు అవసరమగును. భార్య వయస్సు 35 దాటినచో 6 నెలలకే వైద్యుని సంప్రదింపవలెను. భర్తకు వీర్యపరీక్షను మొదటనే చేయింతురు. సంతానము లేని జంటలలో మూడవ వంతు మొదలు సగము వరకు పురుషుని లోపము ఒంటరిగా గాని, స్త్రీ లోపముతో కలిసి గాని కానవచ్చుచున్నది. సులభమైన ఈ పరీక్షను విడిచి స్త్రీని కష్టతరములైన పరీక్షలకు గురిచేయుట యుక్తము కాదు.

గర్భము నిలుచుటకు స్త్రీ శరీరమున ముఖ్యముగా మూడు పనులు సక్రమముగా జరుగవలెను. అండాశయమునుండి అండము విడుదల కావలెను, అండవాహిక తెరచియుండవలెను, గర్భాశయము పిండమును నిలుపుకొనవలెను. పరీక్షలన్నియు ఈ మూడింటిని గూర్చినవే.

అండము వెలువడిన పిదప అది పెరిగిన పుటిక ప్రొజెస్టిరోన్ అను హార్మోనును స్రవించును. తరువాతి ఋతుస్రావమునకు సుమారు 7 దినముల ముందు రక్తములో అది అధికముగా నుండును. కావున 28 దినముల ఋతుచక్రము గల స్త్రీకి 21వ దినమున, 35 దినముల చక్రము గల స్త్రీకి 28వ దినమున రక్తము తీయవలెను. ఈ లెక్క తప్పినచో ఆరోగ్యవతికి కూడ లోపమున్నట్లు తోచును. మిల్లీలీటరు రక్తరసములో ఈ హార్మోను 3 నానోగ్రాములకు మించినచో అండము విడుదలైనదని గ్రహింతురు. నానోగ్రామనగా గ్రాములో 100 కోట్లవ వంతు!

అండము విడుదల కానిచో థైరాయిడ్ గ్రంథి పనిని, పీయూష గ్రంథి స్రవించు ప్రొలాక్టిన్‌ను పరీక్షింతురు. ఈ రెండింటిలో దేని తీరు తప్పినను ఋతుచక్రము చెడవచ్చును. అండాశయములో మిగిలిన అండముల నిల్వను ఏ.ఎమ్.హెచ్. అను పరీక్ష అంచనా వేయును. అయితే ఇది తక్కువగా నున్నంత మాత్రమున సహజముగా గర్భము రాదని చెప్పుటకు వీలులేదు.

అండవాహికల పరీక్షకు చరిత్ర కలదు. న్యూయార్కు వైద్యుడు రూబిన్ గర్భాశయములోనికి వాయువును పంపి, అది వాహికలగుండా ఉదరములోనికి పోవునా యని చూచు పద్ధతిని 1920లో ప్రకటించెను. నేడు దానికి బదులు ఎక్స్-కిరణములను అడ్డగించు ద్రవమును గర్భాశయములోనికి ఎక్కించి చిత్రములు తీయుదురు. ఋతుస్రావము ఆగిన పిదప, అండము విడుదలకు ముందు దీనిని చేయుదురు. ద్రవము వాహికల చివరనుండి చిందినచో మార్గము తెరచియున్నట్లే. గర్భాశయపు ఆకృతియు ఇందే తెలియును. గర్భాశయములోని కంతులను అల్ట్రాసౌండు కూడ చూపును.

ద్రవము నిలిచిపోయినంతనే వాహిక మూసికొనిపోయినదని తీర్మానింపరాదు. నొప్పివలన కండరములు బిగిసినను అట్లే కనబడవచ్చును. సందేహమున్నచో ఉదరమునకు చిన్న రంధ్రము చేసి, లాపరోస్కోపు అను దర్శినిని లోనికి పంపి, నీలిరంగు ద్రవము వాహికనుండి వెలువడుటను కంటితోనే చూతురు. మన దేశమున అండవాహికలను మూసివేయు కారణములలో క్షయ ముఖ్యమైనది. దగ్గు లేకయే అది జననాంగములను ఆశ్రయింపవచ్చును. అనుమానమున్నచో గర్భాశయపు లోపొరనుండి చిన్న ముక్కను తీసి పరీక్షింతురు.

ఇన్ని పరీక్షలు చేసినను కొందఱు దంపతులలో కారణము బయటపడదు. వారిలోను కొందఱికి పిదప సహజముగనే గర్భము నిలుచుట కలదు. శాస్త్రము ఇంత జాగ్రత్తతో మాటలాడుచుండగా, ఏ పరీక్షయు లేకుండ స్త్రీని దోషిగా నిర్ణయించుటకు ఇరుగుపొరుగువారికి గాని, అత్తవారికి గాని ఆధారమేమున్నది?