హవాయి గిటారు కొనేముందు

ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగలమీద జారుస్తూ వాయించేది హవాయి గిటారు. మన గోటువాద్యానికి వరసకు చుట్టమే! 19వ శతాబ్దం చివర హవాయి దీవుల జోసెఫ్ కెకుకు ఈ బాణీకి ప్రచారం తెచ్చాడు. విద్యుత్తుతో పలికే రకం 1932లో అమ్మకానికి వచ్చింది.

కొనదలచినవారు పైమెరుగు చూసి మురిసిపోరాదు. ముందు ఒక్కొక్క తీగనూ ఒట్టిగా మీటి, నాదం ఎంతసేపు నిలుస్తుందో వినండి. విద్యుత్ గిటారయినా మొదట యంత్రానికి తగిలించకుండానే వినాలి. తరువాత 12వ గీతకు సూటిగా కడ్డీని ఆనించి మీటండి. అది తీగ పొడవులో సరిగ్గా సగం. కనుక అదే స్వరం పైస్థాయిలో పలకాలి. పలకలేదా, గీతలే తప్పు!

తీగ పొడవు సుమారు 22½ అంగుళాలయితే కడ్డీని ఏటవాలుగా పట్టడం సులువు. 25 అంగుళాలయితే గీతల నడుమ ఎడం పెరిగి శ్రుతి నిలపడం తేలిక. కొత్తవారికి ఆరు తీగలు చాలు. కడ్డీ జారేటప్పుడు కింది పలకకు తగలకూడదు.

ఇక్కడ మెట్లు లేవు. నేర్చుకునే పిల్లలకు ఆ గీతలే దారి. దారే తప్పయితే చెవి చెడుతుంది, ఉత్సాహం చస్తుంది. అబ్బాయికి సంగీతజ్ఞానం లేదని తేల్చేముందు, వాద్యాన్ని ఒకసారి పరీక్షించండి.