గుండె, ఊపిరితిత్తుల పరీక్ష: ఆన్‌లైన్ శబ్దాలతో బోధన

ఈ విభాగాన్ని చదివిన తరువాత మీరు:
• రికార్డు చేసిన శబ్దాలను ఏ క్రమంలో బోధించాలో వివరించగలరు.
• అటువంటి బోధనకు గల పరిమితిని గుర్తించగలరు.

1. అవసరం

1816లో పారిస్‌లో లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టాడు. ఆ తరువాత చాలాకాలం ఈ విద్యను రోగి మంచం పక్కనే నేర్చుకోవలసి వచ్చింది. విద్యార్థి వార్డుకు వచ్చిన రోజున మర్మర్ ఉన్న రోగి అక్కడ ఉండకపోవచ్చు. ఉన్నా, తరగతి మొత్తం వంతులవారీగా వినడం ఆ రోగికి ఇబ్బంది. ఆన్‌లైన్ రికార్డింగులను మాత్రం ఎన్నిసార్లయినా వినవచ్చు.

ఈ సాధన ఎందుకు ముఖ్యమో చూడండి. సెలైన్ ఎక్కుతున్న రోగికి ఊపిరితిత్తుల అడుగుభాగాన కొత్తగా క్రాకిల్స్, అంటే చిటపట శబ్దాలు, వినిపిస్తే శరీరంలో ద్రవం ఎక్కువైందనడానికి అది తొలి సూచన కావచ్చు. రాత్రి డ్యూటీలో దానిని మొదట పసిగట్టవలసింది నర్సే.

2. బోధనా క్రమం

అ) సాధారణ శబ్దాలు: 'లబ్' మైట్రల్, ట్రైకస్పిడ్ కవాటాలు మూసుకున్నప్పటి శబ్దం, 'డబ్' అయోర్టిక్, పల్మనరీ కవాటాలది. లబ్ నుంచి డబ్ వరకు సిస్టోల్, డబ్ నుంచి తరువాతి లబ్ వరకు డయాస్టోల్. మర్మర్ పేరు చెప్పేముందు అది ఏ విరామంలో వినిపిస్తున్నదో విద్యార్థి చెప్పగలగాలి.

ఆ) స్థానం, భంగిమ: మిషిగన్ విశ్వవిద్యాలయపు గుండె శబ్దాల సంకలనంలో రికార్డింగులను వినే స్థానం, రోగి భంగిమ, బెల్ లేదా డయాఫ్రమ్ వాడకం ప్రకారం అమర్చారు. ఉదాహరణకు, మూడవ గుండె శబ్దం మంద్రమైనది. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గుండె కొన వద్ద బెల్‌ను తేలికగా ఆనించి దానిని వినాలి. ఫోన్ స్పీకరులో ఇటువంటి మంద్ర శబ్దాలు సరిగా వినిపించవు కనుక ఇయర్‌ఫోన్లు వాడాలి.

ఇ) పేరు చూడకుండా గుర్తించడం: క్రాకిల్స్, వీజ్ (పిల్లికూతలు) కలగలిపి వినిపించాలి. శబ్దం శ్వాస పీల్చేటప్పుడు వస్తున్నదా, వదిలేటప్పుడు వస్తున్నదా అనేది విద్యార్థి ముందుగా రాసి, ఆ తరువాతే జవాబు చూడాలి.

3. పరిమితి

తీవ్రమైన ఆస్తమాలో పిల్లికూతలు ఆగిపోతే రోగి కోలుకున్నాడని అనుకోరాదు. లోపలికి గాలి దాదాపు వెళ్ళకపోయినా శబ్దం ఆగిపోతుంది. దీనిని 'నిశ్శబ్ద ఛాతీ' అంటారు. ఇది ప్రాణాపాయ స్థితి. శబ్దాలను మాత్రమే వినిపించే వనరు శబ్దం లేకపోవడంలోని అర్థాన్ని నేర్పలేదు. రోగి పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నాడా, శ్వాస రేటు ఎంత, ఆక్సిజన్ శాతం ఎంత అనేవి కూడా చూడాలి.

అందువల్ల ప్రతి ఆన్‌లైన్ పాఠం తరువాత విద్యార్థులు ఒకరి ఛాతీని మరొకరు పరీక్షించాలి. రెండు వైపులా ఒకే ఎత్తులో పోల్చుతూ, ప్రతి చోట ఒక పూర్తి శ్వాస వినాలి. ఆ తరువాత పర్యవేక్షకుల సమక్షంలో వార్డులో సాధన చేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మూడవ గుండె శబ్దాన్ని వినడానికి రోగిని ఏ భంగిమలో ఉంచాలి?
2. ఆస్తమా రోగిలో పిల్లికూతలు ఆగిపోయినప్పుడు నర్సు ఏయే అంశాలను పరిశీలించాలి?