ముందు మెడ జారుతోందా? లోపం వెనుక మెడలో ఉండవచ్చు

మెడ కింద మెత్తని ముడతలుగా వాలి ఉండే ‘కౌల్ నెక్’ టాప్‌లు చూడటానికి ఎంత సులువుగా కనిపిస్తాయో, కుట్టడానికి అంత సులువు కావు. తొడుక్కున్న కాసేపటికే భుజం ఒక పక్కకు జారడం, వంగినప్పుడు మెడ తెరుచుకోవడం, లోపలి మడత బయటికి తిరగడం వీటితో తరచూ ఎదురయ్యే ఇబ్బందులు. ధరించిన వారు రోజంతా మెడను సర్దుకుంటూనే ఉండవలసి వస్తుంది. ఇంటి వద్ద ఆర్డర్లు తీసుకుని కుట్టే వారికి, తిరిగి వచ్చిన ఒక్క టాప్‌తో కూలి డబ్బుతో పాటు బట్ట ఖర్చు కూడా మీద పడుతుంది. కుట్టు విప్పితే సూది రంధ్రాలు మిగిలిపోయే బట్ట కావడంతో సరిదిద్దే అవకాశమూ తక్కువే.

అల్లిక బట్ట తీరు వేరు

జాకెట్లకు వాడే బట్ట సాధారణంగా పడుగు, పేకల నేతతో తయారవుతుంది. అది నిలువుగా గానీ, అడ్డంగా గానీ పెద్దగా సాగదు. ఏటవాలుగా లాగితేనే సాగుతుంది. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి చక్కగా పట్టి ఉండటానికి కారణం ఇదే. పారిస్‌కు చెందిన దుస్తుల రూపకర్త మడలెన్ వియొనె 1920, 1930 దశకాల్లో ఈ ఏటవాలు కోతతోనే, ఒంటిపై జాలువారే దుస్తులకు ప్రసిద్ధి పొందారు.

బనియన్లు, టీషర్టులకు వాడే అల్లిక బట్ట ఇందుకు భిన్నం. తమిళనాడులోని తిరుప్పూర్ ఈ రకం దుస్తుల తయారీకి దేశంలోనే ప్రధాన కేంద్రం. ఈ బట్టలో దారం ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటుంది. లాగితే ఉచ్చు వెడల్పవుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అందువల్ల క్రాస్‌గా కత్తిరించకుండానే ముడతలు అందంగా వాలుతాయి. అయితే ఆ సాగే గుణమే భుజాల కుట్లనూ, మెడ అంచునూ వదులు చేస్తుంది.

బరువు పడేది ఎక్కడ?

కౌల్ నెక్ కోసం ముందు భాగపు పై అంచును రెండు భుజాల మధ్య దూరం కన్నా పొడవుగా కత్తిరిస్తారు. ఆ మిగులు బట్టే ముడతలుగా కిందికి వాలుతుంది. దాని బరువును మోసేవి రెండు భుజాల కుట్లు, వాటిని కలిపి ఉంచే వెనుక మెడ. వెనుక మెడ సాగితే భుజాల కుట్లు బయటి వైపు జరిగి, టాప్ ఒక పక్కకు జారుతుంది. వెనుక మెడ వెడల్పుగా ఉన్న జాకెట్టుకు డోరీ కట్టేది భుజాలు జారకుండా ఉండేందుకే. కౌల్ నెక్ టాప్‌లో వెనుక మెడ చేయవలసిన పని కూడా అదే. ముందు భాగం స్వేచ్ఛగా వాలాలంటే, వెనుక భాగం కదలకుండా నిలవాలి.

కత్తిరింపు, కుట్టులో జాగ్రత్తలు

బట్టను ముందుగా ఉతికి ఆరబెట్టాలి. 10 సెం.మీ. మేర అడ్డంగా పట్టుకుని, సులువుగా సాగినంత లాగి వదిలినప్పుడు అది తిరిగి 10 సెం.మీ.కే చేరాలి. అలా చేరని బట్ట ఈ పనికి తగదు. కొద్దిగా స్పాండెక్స్ కలిసిన విస్కోస్ జెర్సీ చక్కగా వాలుతుంది. మందమైన టీషర్టు బట్టలో ముడతలు బిరుసుగా నిలబడతాయి. ఎక్కువగా సాగే దిశ ఒంటి చుట్టూ వచ్చేలా కత్తిరించుకోవాలి.

వెనుక మెడను వీలైనంత వరకు మెడ మొదలుకు దగ్గరగా ఉంచడం మేలు. వెనుక మెడ అంచుకు, రెండు భుజాల కుట్లకు 6 మి.మీ. వెడల్పు గల పారదర్శక ఎలాస్టిక్ గానీ, సన్నని నూలు పట్టీ గానీ కలిపి కుట్టాలి. పట్టీ పొడవును కాగితపు నమూనాపై కొలవడం ముఖ్యం. అప్పటికే కొంత సాగిన బట్టపై కొలిస్తే ఆ సాగుదల పట్టీలోకీ చేరుతుంది.

ముందు మెడ అంచుకు విడిగా పట్టీ వేయకుండా, అదే బట్టను 12 నుంచి 15 సెం.మీ. లోతుగా లోపలికి మడిచి, ఆ మడత రెండు చివరలను భుజాల కుట్లలో కలిపేయాలి. మడత లోతు తక్కువైతే అది బయటికి తిరుగుతుంది. దానికి బక్రం అతికిస్తే ముడతలు వాలవు. మడత మధ్యలో, లోపలి వైపు ఒక చిన్న పూసను కుడితే ఆ బరువుకు కౌల్ తన స్థానంలో ఉంటుంది.

మామూలు సూది ఉచ్చులను తెంపే ప్రమాదం ఉన్నందున, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూదిని వాడాలి. సన్నని జిగ్‌జాగ్ కుట్టు బట్టతో పాటు సాగుతుంది కనుక దారం తెగదు. కుట్టేటప్పుడు బట్టను వెనుక నుంచి లాగకూడదు. కింది అంచు మడవడానికి ముందు టాప్‌ను ఒక రాత్రి వేలాడదీస్తే, సాగవలసినంత అప్పుడే సాగుతుంది.

అప్పగించే ముందు

టాప్‌ను తొడిగించి చేతులు పైకెత్తమని, ముందుకు వంగమని, కొన్ని అడుగులు నడవమని కోరాలి. భుజం కుట్టు తన చోటనే ఉంటే పని కుదిరినట్టే. కుట్టిన టాప్‌ను ఆ తర్వాత హ్యాంగర్‌కు తగిలించకుండా మడిచి దాచుకోవాలి. లేకుంటే ముడతల బరువు రోజుల తరబడి భుజాలను లాగుతూనే ఉంటుంది.