ఓ చాప్టరూ... రేపు రా!

రాయాల్సింది బోలెడుంది. కంప్యూటర్‌ ముందు కూర్చున్నదీ రాయడానికే. కానీ తెర మీద మాత్రం కత్తులు, కోటలు, డ్రాగన్లు! పరిశోధన విద్యార్థుల నుంచి పేరున్న రచయితల దాకా చాలామందిని పక్కదారి పట్టించిన ఆన్‌లైన్‌ ఆటల్లో ఏముంది? ఆ కిటుకు తెలిస్తే ఆగిపోయిన రాతను మళ్లీ కదిలించొచ్చా?

ఒకప్పుడు ఊళ్లలో ఇంటి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. రాత్రిపూట వచ్చిన దెయ్యం అది చదివి బుద్ధిగా వెనక్కెళ్లిపోయేదట. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత! థీసిసో, నవలో, ప్రాజెక్టు రిపోర్టో రాయాల్సినవాళ్ల కంప్యూటర్‌ మీదా కంటికి కనిపించని బోర్డు ఇలాంటిదే ఒకటి ఉంటుంది... ‘ఓ చాప్టరూ, రేపు రా’ అని.

‘ఒక్క అరగంట ఆడి మొదలుపెడదాం’ అనుకుంటారు. ఆ అరగంట కాస్తా అర్ధరాత్రవుతుంది. ‘పాపం, పిల్లాడు తెగ రాసేస్తున్నాడు’ అని అమ్మ కాఫీ పట్టుకొస్తుంది. పిల్లాడేమో ముఖం కూడా తెలియని పాతికమందితో కలిసి గుహలో రాక్షసుణ్ని చంపే పనిలో తలమునకలై ఉంటాడు!

వేషం కట్టి ఆడే ఆట

వీటిని రోల్‌ ప్లేయింగ్‌ గేమ్స్‌ అంటారు. వీధి నాటకంలో వేషం కట్టినట్టే ఇక్కడా ఓ వేషం వేసుకోవాలి. యోధుడు, మాంత్రికుడు, వైద్యుడు... ఎవరైనా కావచ్చు. ఇచ్చిన పనులు చేసుకుంటూ పోతే పాయింట్లొస్తాయి, లెవెల్‌ పెరుగుతుంది. ఈ లోకానికి ముగింపంటూ ఉండదు. మనం నిద్రపోయినా అది నడుస్తూనే ఉంటుంది.

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్‌ ట్రబ్‌షా, రిచర్డ్‌ బార్టిల్‌ తయారుచేసిన ‘మడ్‌’ ఈ ఆటలకు తాతలాంటిది. అందులో బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌కి ఆటగాళ్లే ఓ మత్తుపదార్థం పేరు కలిపి ‘ఎవర్‌క్రాక్‌’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. 2004 నవంబరులో అమెరికాకు చెందిన బ్లిజార్డ్‌ సంస్థ ‘వరల్డ్‌ ఆఫ్‌ వార్‌క్రాఫ్ట్‌’ని విడుదల చేసింది. 2010 నాటికి చందా కట్టి దాన్ని ఆడేవాళ్లు కోటీ 20 లక్షలు దాటారు.

ఎంతసేపు ఆడతారు? నిక్‌ యీ అనే పరిశోధకుడు ఇలాంటి ఆటలాడే 30 వేలమందిని 2000 నుంచి మూడేళ్లపాటు ప్రశ్నించాడు. వారానికి సగటున 22 గంటలని తేలింది. పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలోప్‌ గడియారం ముందుపెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. ఆ లెక్కన 22 గంటలంటే... 22 వేల పదాలు!

బద్ధకం అనుకుంటే పొరపాటే

‘ఒళ్లొంగడంలేదు వాడికి’ అనేస్తాం తేలిగ్గా. కానీ ఒక్కసారి వాళ్లు ఆడుతుంటే గమనించండి. ఒకే చోట గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటారు. వందసార్లు ఓడినా నూటొకటోసారి ప్రయత్నిస్తారు. బద్ధకస్తులు చేసే పనేనా ఇది?

ఎటొచ్చీ రాతలో లేనివి, ఆటలో ఉన్నవి కొన్నున్నాయి. ఆట ఎప్పుడూ ‘గొప్ప వీరుడివైపో’ అని చెప్పదు. ‘ఆ అడవిలోకెళ్లి పది తోడేళ్లను చంపి రా’ అంటుంది. పని చిన్నది, స్పష్టమైనది. చేసిన మరుక్షణం తెర మీద గీత ముందుకు జరుగుతుంది. ఓడినా పోయేదేమీ లేదు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. పైగా ‘రాత్రి తొమ్మిదింటికి అందరం కలుద్దాం, నువ్వు లేకపోతే కష్టం’ అని పిలిచే జట్టుంటుంది. ఇక ఏ రాక్షసుణ్ని చంపితే ఏ అరుదైన ఆయుధం దొరుకుతుందో తెలియదు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసం ప్రాణి అలుపెరగకుండా ప్రయత్నిస్తుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్‌.స్కిన్నర్‌ పావురాల మీద ప్రయోగాలతో ఏనాడో చూపించాడు.

మరి రాత? ‘మూడో చాప్టర్‌ పూర్తిచెయ్యి’ అంటుంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెప్పదు. నాలుగు గంటలు కష్టపడి రాసిన పేజీని మర్నాడు మనమే కొట్టేస్తాం. బాగుందో లేదో గైడు చెప్పేసరికి నెల గడుస్తుంది. కాలక్షేపానికి కూడా పక్కన ఎవరూ ఉండరు.

పనుల వాయిదాపై వచ్చిన వందలాది అధ్యయనాలను కెనడా పరిశోధకుడు పియర్స్‌ స్టీల్‌ 2007లో గుదిగుచ్చి విశ్లేషించాడు. పని ఎంత చికాకు పెట్టేదైతే, దాని ఫలితం ఎంత దూరంగా ఉంటే అంతగా వాయిదా వేస్తామన్నది అందులో తేలిన సంగతుల్లో ఒకటి. 2013లో ఫ్యూషియా సిరోయ్‌, తిమోతీ పిచిల్‌ మరో మాట చెప్పారు. వాయిదా వెనక ఉన్నది టైము సమస్య కన్నా మనసు సమస్యేనని! ఖాళీ పేజీని చూడగానే గుండెల్లో గుబులు. ఆ గుబులు నుంచి తక్షణం తప్పించుకోవడానికి దొరికిన తలుపు... ఆట. తప్పించుకున్నందుకు మనసు కుదుటపడుతుంది. కానీ గడువు ఒకరోజు దగ్గరవుతుంది. రేపటి గుబులు ఇంకాస్త పెద్దదవుతుంది. దాంతో ఆట కూడా ఇంకాసేపు కావాల్సి వస్తుంది.

మాస్టారే మునిగిపోయిన వేళ

ఈ సుడిగుండం ఎంత లోతుకు లాగుతుందో అమెరికన్‌ కవి ర్యాన్‌ వాన్‌ క్లీవ్‌ కథ చెబుతుంది. ఆయన విశ్వవిద్యాలయంలో రచన పాఠాలు చెప్పే ఆచార్యుడు. పుస్తకాలు అచ్చయ్యాయి, భార్యాపిల్లలున్నారు. ‘వరల్డ్‌ ఆఫ్‌ వార్‌క్రాఫ్ట్‌’ ఆయన రోజుల్ని మింగేసింది. పూర్తికాల ఉద్యోగానికి పట్టే గంటలకన్నా ఆటకు పట్టే గంటలే ఎక్కువయ్యాయి. కొలువు పోయింది, ఇంట్లో మాటలు కరవయ్యాయి. 2007 చివరికి ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లి, వెనక్కొచ్చాడు. ఆట మానేశాడు. జరిగిందంతా 2010లో ‘అన్‌ప్లగ్డ్‌’ అనే పుస్తకంగా రాశాడు. మళ్లీ పాఠాలూ చెప్పాడు. మరొకరికి రాయడం నేర్పగలిగిన మనిషినే ఆట అంత దూరం తీసుకెళ్లింది!

కంప్యూటర్లు లేని కాలంలోనూ...

ఆటలు కొత్తవి కావచ్చుగానీ రాయకుండా తప్పించుకోవడం పాతదే. రష్యన్‌ మహారచయిత దోస్తొయెవ్‌స్కీని తీసుకోండి. రూలెట్‌ జూదమంటే పిచ్చి. నెత్తినిండా అప్పులు. 1866 నవంబరు 1లోపు నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్లపాటు తన రచనల్ని పైసా ఇవ్వకుండా అచ్చేసుకోవచ్చని ఓ ప్రచురణకర్తకు రాసిచ్చేశాడు. అక్టోబరు వచ్చింది, నవలలో ఒక్క వాక్యమూ లేదు! స్నేహితుల సలహాతో షార్ట్‌హ్యాండ్‌ తెలిసిన ఇరవయ్యేళ్ల అన్నాను పనిలో పెట్టుకున్నాడు. ఆమె వస్తే ఆయన చెప్పేవాడు, ఇంటికెళ్లి ఆమె శుభ్రంగా రాసి తెచ్చేది. 26 రోజుల్లో ‘ది గ్యాంబ్లర్‌’ సిద్ధం! కథేంటంటారా... జూదమే. మరుసటి ఏడాది ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. నవల రాసినంత మాత్రాన జూదం మానలేదులెండి, దానికి 1871 దాకా పట్టింది.

సైన్స్‌ఫిక్షన్‌ హాస్య రచయిత డగ్లస్‌ ఆడమ్స్‌ది మరో కథ. గడువులు దాటేయడంలో ఆయన ఘనాపాటి. 1984లో రావాల్సిన పుస్తకం ఎంతకీ కదలకపోతే, ఢిల్లీలో పుట్టిన ప్రచురణకర్త సోనీ మెహతా లండన్‌ హోటల్లో గదులు తీసుకుని, తనూ అక్కడే మకాం వేసి మరీ రాయించాడు.

ఈ ఇద్దరిలో ఎవరికీ రాత్రికి రాత్రి పట్టుదల పుట్టుకురాలేదు. రోజూ ఎదురుచూసే మనిషి ఒకరు దొరికారు, అంతే!

ఆట కిటుకు... రాతకు!

ఆటలు తయారుచేసేవాళ్లకు మనసు గుట్టు బాగా తెలుసు. ‘వార్‌క్రాఫ్ట్‌’ పరీక్షల దశలో ఎక్కువసేపు ఆడేవాళ్లకు పాయింట్లు తగ్గించేవారు. ఆటగాళ్లు గోలపెట్టారు. దాంతో మాట మార్చారు. విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్లకు కాసేపు రెట్టింపు పాయింట్లన్నారు. లెక్క దాదాపు అదే, కానీ ఈసారి అందరూ ఖుషీ! ఆ తెలివితేటల్ని మనమూ అరువు తెచ్చుకోవచ్చు.

పది తోడేళ్ల సూత్రం: ‘చాప్టర్‌ రాయాలి’ అనుకోవద్దు. ‘సర్వే చేసిన గ్రామం గురించి పది వాక్యాలు’ అనుకోండి. కూర్చునేముందే ఆ ముక్కను కాగితం మీద రాసిపెట్టుకోండి.

కనిపించే గీత: రాసిన పదాల సంఖ్యను గోడమీది క్యాలెండర్‌లో రోజూ వేయండి. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 21 మందితో మొదలైన ‘నానోరైమో’ కిటుకు ఇదే. నవంబరు నెలలో 50 వేల పదాలు, అంటే రోజుకు 1667. ఎంతయిందో గ్రాఫులో చూసుకుంటూ ఏటా ఎందరో నవలలు రాశారు. ఆ సంస్థ 2025లో మూతపడింది కానీ, క్యాలెండర్‌ మన గోడమీదే ఉందిగా!

జట్టు: మీలాగే రాయాల్సిన పని ఉన్న ఒక్క స్నేహితుణ్ని చూసుకోండి. రోజూ ఒకే వేళకు ఇద్దరూ కూర్చుని, గంట తర్వాత ఎంత రాశారో ఫోన్లో చెప్పుకోండి.

మళ్లీ ఆడే అవకాశం: తొలి ప్రతి బాగుండక్కర్లేదు. అది ఓడిపోయినా ఫర్వాలేని రౌండు.

ముందు రాత, తర్వాత ఆట: ఆటను మొత్తంగా నిషేధిస్తే రెండ్రోజుల్లో గేటు తెంచుకుంటుంది. ఆనాటి ముక్క అయ్యాకే లాగిన్‌ అనుకుంటే అది బహుమతి అవుతుంది.

ఇంట్లోవాళ్లకు ఓ మాట

‘ఎంతవరకొచ్చింది? ఇంకా అవలేదా?’ అని రోజూ అడిగితే గుబులు పెరుగుతుంది, గది తలుపు మూసుకుంటుంది. ‘ఇవాళ ఏ ముక్క రాస్తున్నావ్‌? నాకూ చెప్పు’ అని అడిగి చూడండి. నోటితో చెప్పగలిగినదాన్ని కాగితం మీద పెట్టడం తేలిక. దోస్తొయెవ్‌స్కీకి పనికొచ్చింది కూడా అదే.

ఆడినంత మాత్రాన జబ్బు కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా అన్నింటికన్నా అదే ముఖ్యమవడం, చదువో కొలువో దెబ్బతింటున్నా ఆపలేకపోవడం... ఈ మూడూ సాధారణంగా ఏడాదిపాటు కొనసాగితే దాన్ని ‘గేమింగ్‌ డిజార్డర్‌’గా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2022 జనవరి నుంచి ఆ సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఇది అమల్లోకి వచ్చింది. అలాంటప్పుడు తిట్లూ ఒట్లూ పనిచేయవు, మానసిక నిపుణుల్ని కలవాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇందుకోసం ‘షట్‌’ పేరుతో ప్రత్యేక క్లినిక్‌ ఉంది. ప్రభుత్వ టెలీ మానస్‌ నంబరు 14416కి ఫోన్‌ చేసి తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అంత దూరం రానివాళ్లకు మాత్రం మందు దగ్గర్లోనే ఉంది. ఆటలో లెవెల్‌ పెంచుకున్న ఓపిక ఎవరిదో కాదు, మీదే. అందులో ఓ గంట ఇవాళ చాప్టర్‌కివ్వండి. వాకిట్లో నిలబడ్డ చాప్టర్‌ను ‘రేపు రా’ అనకుండా లోపలికి పిలిస్తే, అది దెయ్యం కాదని మీకే తెలుస్తుంది!